ఈ వారం సమస్య: వానకోటులోన వంటయిల్లు

నిర్వాహకుడు: బెంగళూరులో మూడు రోజులుగా ముసురు. ఆరని బట్టలు చూసి చూసి విసుగొచ్చి ఈ పాదం తట్టింది. కానివ్వండి, దీన్నే చివరి పాదంగా పెట్టి, ఈ కుదరని మాట కుదిరేలా పద్యం పూరించండి.

మల్లేశ్వరం వదిన:
మేడపైన గదికి మేలైన రేకులు
చిల్లు లుండె జల్లు చేరె లోన
కోటు తొడిగి అత్త కూరను వండెను
వానకోటులోన వంటయిల్లు

గురులఘువు: ‘తొడిగి అత్త’ విసంధి, వదినగారూ, అచ్చు పక్కన అచ్చు సంధి లేకుండా ఉండిపోయింది. మధ్యలో ‘య’ చేర్చి, అంటే యడాగమంతో, ‘తొడిగి యత్త’ అనాలి. పైగా కోటులో ఉన్నది అత్తగారు, వంటయిల్లు కాదు. సమస్య అలాగే మిగిలింది.

మల్లేశ్వరం వదిన: యడాగమం ఒప్పుకున్నా. రెండోదానికి మా షీటింట్లో ఒక్క వర్షాకాలం ఉండి చూడండి.

హలసూరు హలాయుధుడు:
గదికి కోటునకును కల దొక్కటే పేరు
ఢిల్లివారి నోట తెల్లమగును
వర్ష మన్న మాట బర్సాతి యయ్యెను
వానకోటులోన వంటయిల్లు

హిందీలో బర్సాతీ అంటే వానకోటు. ఢిల్లీలో మిద్దెమీది ఒంటిగదీ బర్సాతీయే. ఎండాకాలం డాబామీద పడుకున్నవాళ్లు జల్లు పడితే అందులోకి దూరేవారు. వానాకాలం గుర్రాలకు వచ్చే పుండ్ల జబ్బుకూ ఇదే పేరు. గుర్రాన్ని మాత్రం మిద్దె ఎక్కించలేకపోయాను.

గురులఘువు: ఢిల్లీని ఢిల్లి చేశారు, పోనీ. మూడో పాదంలో మొదటి అక్షరం ‘వ’కు మధ్యలో ‘బ’తో యతి, అంటే అక్షరాల పొత్తు, కుదిర్చారా? గడుసుతనం!

హలసూరు హలాయుధుడు: బవయోరభేదః, ‘బ’కూ ‘వ’కూ తేడా లేదన్నారు. వర్షంలోని ‘వ’ హిందీలో ‘బ’ అయితేనే కదండీ బర్సాత్ వచ్చింది! మాట ఏ దారిన నడిచిందో యతీ అదే దారిన నడిచింది.

నిర్వాహకుడు: ఆహా! ఈ ఒక్క యతికే శాలువా కప్పొచ్చు.

గురులఘువు: కప్పండి. పోయిన నెల పెంట్‌హౌస్‌ను ‘పెంట ఇల్లు’ అని విడగొట్టింది కూడా ఈయనే. అసలది ఫ్రెంచి ‘అపెంటిస్’. గోడకు ఆనించి దింపిన చూరు. అందులో ఇల్లే లేదు. ఇంగ్లీషువాళ్లు చెవికి దగ్గరగా ఉందని హౌస్ తగిలించారు.

హలసూరు హలాయుధుడు: వాళ్లు హౌస్ తగిలిస్తే నిఘంటువుకెక్కింది, నేను పెంట తగిలిస్తే నెల రోజులుగా దెప్పుతున్నారు.

మల్లేశ్వరం వదిన: ఢిల్లీ, ఫ్రాన్సు తిరిగొచ్చారు, మన ‘చంద్రశాల’ ఎవరికీ గుర్తు రాలేదు. అదీ మేడమీది గదే.

గురులఘువు: రెండు సూర్యగణాలు, అంటే ఈ ఛందస్సులో వాడే గణాలే, చక్కగా ఒదిగేది. మీ పూరణలో వేయాల్సింది.

మల్లేశ్వరం వదిన: మా రేకు చిల్లుల్లోంచి చంద్రుడు రోజూ కనబడతాడు. అక్కడ ఏ ఆగమం పెట్టి పూడ్చమంటారు?