లక్సర్ ఎండలో అమ్మకు తలనొప్పి, పిక్కలు పట్టేయడం: ఓఆర్‌ఎస్ ఎంత ఇవ్వాలి?

ఈజిప్టులోని లక్సర్‌లో ఉన్నాం. మధ్యాహ్నం 43 డిగ్రీలు. అమ్మకు 62 ఏళ్లు, రోజూ ఉదయం బీపీ మాత్ర వేసుకుంటుంది. మూడు రోజులుగా పదకొండు దాటగానే తలనొప్పి, రాత్రి పిక్కలు పట్టేస్తున్నాయి. జ్వరం, వాంతులు లేవు. మాట తడబడటం లేదు.

రాజుల లోయకు ఉదయం ఆరింటికే వెళ్లి, పదికల్లా గదికి చేరాం. నూలు బట్టలు, గొడుగు, తడి తువ్వాలు అన్నీ అయ్యాయి. నాలుగు లీటర్ల నీళ్లు తాగిస్తున్నాను. విజయవాడలోలా ఇక్కడ చెమట కారదు, పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. అదే నన్ను మోసం చేసిందేమో! నిన్నటి నుంచి లీటరు నీటిలో ఒక ఓఆర్‌ఎస్ పొట్లం కలిపి ఇస్తున్నాను, ఇంకా తేడా లేదు.

ఎల్లుండి తెల్లవారుజామున అస్వాన్ నుంచి అబూ సింబెల్‌కు బస్సు. బీపీ ఉన్నవారికి ఇంత పొడి ఎండలో రోజుకు ఎన్ని ఓఆర్‌ఎస్ పొట్లాల వరకు ఇవ్వవచ్చు?