ఉగాది కికర్ పోటీ: కొత్త టేబుల్ మీద అందరికీ చెయ్యి తిరగాలి

శుక్రవారం రాత్రి, అనంతపురం నుంచి

అందరికీ నమస్కారం. నాన్న కంటి ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పేశారు, నిన్న పేపరు తనే చదువుకున్నారు. ఫోన్లు చేసి అడిగిన అందరికీ థాంక్స్. ఇంకో పది రోజులు ఇక్కడే ఉండాలి, అందుకని హాలు పనుల్లో ఈసారి చెయ్యి వేయలేను. జర్మనీలో మన తెలుగు సంఘం ఉగాదికి పెట్టే కికర్ పోటీ మాత్రం నేనే చూసుకుంటానని మాటిచ్చాను, ఆ మాట మీదే ఉన్నాను. ప్లాన్ ఇక్కణ్ణుంచే రాస్తున్నా. ఎవరు ఏ పని తీసుకుంటారో కింద చెప్పండి.

కొత్తగా చేరిన వాళ్ల కోసం ఒక మాట. ఇండియాలో ఆఫీసుల్లో ఫూస్‌బాల్ అంటాం కదా, కడ్డీలకు బొమ్మలు బిగించిన ఆట, దాన్నే జర్మనీలో కికర్ అంటారు. అక్కడి బార్లలో, యూత్ క్లబ్బుల్లో ఎక్కడ చూసినా ఉంటుంది. మన సంఘంలో పిల్లలు, పెద్దలు, వంటలు చూసే అక్కలు, అందరూ ఒకే వరుసలో నిలబడి ఆడే ఆట ఇదొక్కటే. అందుకే నాకు దీని మీద ఇంత పట్టు.

మూడేళ్లు ఆడిన పాత టేబుల్ కడ్డీ వంగిపోయింది. అందరి చందాలతో కొన్న కొత్త టేబుల్ వచ్చే బుధవారం వస్తుంది. సంతోషమే, కానీ నాకు టెన్షన్ అంతా దాని గురించే. పాత టేబుల్ గుణం మనకు కంఠతా వచ్చు. కిటికీ వైపు మూలకు బంతి దొర్లుతుందని, మధ్యలో అయిదు బొమ్మలుండే ఐదుగురి కడ్డీ కొంచెం బిగుసుకుంటుందని పిల్లలక్కూడా తెలుసు. కొత్తది ఎలా ఉంటుందో ఎవరికీ తెలియదు.

పోయినేడు నేనూ మా పాపా ఇంకో ఊళ్లో జరిగిన పోటీకి వెళ్లాం. రెండు గంటల డ్రైవ్. అక్కడి టేబుల్ వాళ్లు తెచ్చి నెల రోజులైందట, వాళ్ల జట్లన్నీ రోజూ దాని మీదే ఆడుతున్నాయి. మాకు ఒక్క నిమిషం కూడా ముట్టుకోనివ్వకుండా నేరుగా మ్యాచ్ పెట్టారు. నేను గోల్ కొట్టే ముగ్గురి కడ్డీ (మూడు బొమ్మలుండేది) మీద బంతిని పక్కకు లాగి కొడతాను, మీకందరికీ తెలుసు. ఆ రోజు లాగిన ప్రతిసారీ బంతి బొమ్మ కాలి కంటే ముందే జారిపోయింది. అయిదూ ఒకటితో ఓడిపోయాం, ఆరేడు నిమిషాల్లో అయిపోయింది. తిరిగి వచ్చేటప్పుడు కారులో పాప అడిగింది, "అమ్మా, మనం ఆడటం మర్చిపోయామా?" అని. మర్చిపోలేదమ్మా, ఆ టేబుల్ మనకు తెలియదు అన్నాను. దానికి నమ్మకం కుదరలేదు. ఇంటికొచ్చే వరకు మాట్లాడలేదు.

మన పోటీలో ఏ పిల్లా ఆ ప్రశ్న అడగకూడదు. మిగతా ప్లాన్ అంతా దాని తర్వాతే.

హాలు చూసుకుంటున్న అన్న ఇలా రాశాడు: "చెల్లీ, హాలు మనకు శుక్రవారం సాయంత్రం అయిదు తర్వాతే ఇస్తారు, శనివారం పొద్దున పోటీ. దాని ముందు టేబుల్ బేస్‌మెంట్ సామాను గదిలో పెడదామా?"

వద్దన్నా. ఆ మెట్ల మీద అంత బరువు దించి మళ్లీ ఎక్కించడం నడుములు విరిగే పని. పైగా అక్కడ చలి, చెమ్మ. హాలు పక్కన కుర్చీలు పెట్టుకునే చిన్న గది ఉంది కదా, దాన్ని అడగండి. సాయంత్రాలు ఆరు నుంచి తొమ్మిది వరకు నాలుగు రోజులు చాలు. టేబుల్ వచ్చాక వచ్చే గురు, శుక్రవారాలు. ఆ పై వారం బుధ, గురువారాలు.

ఆదివారం, అనంతపురం నుంచే

లెక్క ఇది. పన్నెండు జట్లు పేర్లిచ్చాయి. సాయంత్రానికి అరగంట చొప్పున ఆరు స్లాట్లు, నాలుగు సాయంత్రాలకు ఇరవై నాలుగు. ఒక్కో జట్టుకు రెండేసి వస్తాయి, మొదటి వారం ఒకటి, రెండో వారం ఒకటి. రెండూ ఒకే రోజు తీసుకోకండి. మొదటిసారి అర్థం కానిది ఇంటికెళ్లి నాలుగు రోజులు మనసులో నానాక రెండోసారికి తేలిక అవుతుంది.

గది తాళం ఎవరి దగ్గర ఉంటే వాళ్లదే ప్రాక్టీస్ అనే మాట రాకూడదు. తాళం పోటీలో లేని వాళ్ల దగ్గరే ఉండాలి. వంటలు చూసే వదిన ఒప్పుకుంటే ఆమె దగ్గర పెడదాం.

నిన్న సప్తగిరి సర్కిల్ దగ్గర మా మేనల్లుడు వెళ్లే గేమింగ్ సెంటర్‌కు వెళ్లొచ్చాను. అక్కడ ఒక ఫూస్‌బాల్ టేబుల్ ఉంది. పూర్తిగా పరాయి టేబుల్ మీద మనిషికి ఎంతసేపట్లో చెయ్యి కుదురుతుందో నా మీదే చూసుకుందామని వెళ్లాను. బయల్దేరే ముందు నాన్నకు చెప్తే ఆయన క్యారమ్ సంగతి గుర్తు చేశారు. ఆయన టవర్ క్లాక్ దగ్గర క్లబ్బులో ఇరవై ఏళ్లు ఆడారు. వేరే వాళ్ల బోర్డు ముందు కూర్చుంటే మొదట వేలితో పౌడర్ రాసి చూస్తారు. తర్వాత కాయిన్లు లేకుండా ఒట్టి స్ట్రైకర్‌ను నాలుగు అంచులకూ కొట్టి, ఎంత దూరం తిరిగొస్తుందో మాట్లాడకుండా చూస్తారు. ఆ తర్వాతే ఆట. చిన్నప్పుడు నాకు అది చూస్తే విసుగొచ్చేది.

నేనూ అలాగే చేశాను. మొదటి అయిదు నిమిషాలు బంతిని ఊరికే దొర్లించాను. మధ్యలో నుంచి మెల్లగా తోస్తే కుడి పక్కకు వాలింది, అంటే టేబుల్ మట్టంగా లేదు. పక్క గోడకు కొడితే సగం వేగంతోనే వెనక్కి వచ్చింది. బొమ్మ కాలి కింద బంతిని అదిమి పట్టి అటూ ఇటూ కదిపితే రెండుసార్లు పట్టు చిక్కింది, మూడోసారి జారింది. బొమ్మల పాదాలు నున్నగా అరిగిపోయి ఉన్నాయి, అందుకని. అది తెలిశాక బంతిని అదమడం మానేసి, కాలి ముందు అంచుతో తాకించి పాస్ ఇవ్వడం మొదలుపెట్టాను. పదిహేను నిమిషాలకు ఐదుగురి కడ్డీ నుంచి ముగ్గురి కడ్డీకి పాస్ అందింది. గోల్ మాత్రం నా చేతి అలవాటుతో పడింది ఇరవై అయిదో నిమిషంలో. మేనల్లుడి ఫోన్‌లో టైమ్ చూసే చెప్తున్నాను. అరగంట స్లాట్ పెట్టింది అందుకే. పది నిమిషాలైతే ఎవరికీ ఏమీ అందదు.

ప్రాక్టీస్‌కు వచ్చినప్పుడు మీరూ ఈ వరుసలోనే వెళ్లండి. వెళ్లగానే గోల్ కొట్టాలని చూడొద్దు. ముందు బంతి ఎలా దొర్లుతుందో, గోడకు తగిలి ఎంత వెనక్కి వస్తుందో చూడండి. తర్వాత వెనక ఉండే మనిషి డిఫెన్స్ కడ్డీ, గోలీ (గోల్‌కీపర్) కడ్డీ కలిపి దారులు మూయడం అలవాటు చేసుకోవాలి. కొత్త టేబుల్‌కు గోలీ ఒక్కడే, మూలలు ఎత్తుగా ఉంటాయి కాబట్టి అక్కడి బంతి తానే వెనక్కి వస్తుంది. మన పాత దానికి వెనక వరుసలో ముగ్గురు ఉండేవాళ్లు, మూలల్లో బంతి వాళ్లకే దొరికేది. కాబట్టి డిఫెన్స్ ఆడేవాళ్లకే ఇక్కడ పెద్ద మార్పు. వాళ్లకు అరగంటలో పావుగంట ఇవ్వండి.

ఇది మనకే వచ్చిన కష్టం కాదు. అంతర్జాతీయ టేబుల్ సాకర్ సమాఖ్య 2002లో ఏర్పడింది. అది ఒక్క రకం టేబుల్‌నే పెట్టుకోలేదు, కొన్ని కంపెనీల టేబుళ్లను ఒప్పుకుంటుంది. ఫ్రాన్సు బొంజినీలో బొమ్మలు లోహానివి, పైన లినోలియం, బంతి మెత్తన, కాలికి అంటుకున్నట్టు ఉంటుంది. అమెరికా టొర్నాడోలో బంతి గట్టిది, వెనక ముగ్గురు గోలీలు. జర్మనీ లియోన్‌హార్ట్ తీరు వేరే. ఏళ్ల తరబడి ఆడేవాళ్లు కూడా టేబుల్ మారితే ముందు దాని మీద కొంతసేపు ఆడి చూసుకుంటారు. మన అక్కలు, పిల్లలు మాత్రం ఏం పాపం చేశారు?

ఒక తమ్ముడు అడిగాడు: "అక్కా, నాకౌట్ పెడితే పదకొండు మ్యాచుల్లో అయిపోతుంది కదా, గ్రూపులెందుకు?"

నిజమే తమ్ముడూ, టైమ్ తగ్గుతుంది. కానీ నాకౌట్ అయితే ఆరు జట్లు ఒక్క మ్యాచ్ ఆడి ఇంటికెళ్తాయి. కొత్త టేబుల్ మీద మొదటి మ్యాచ్ సగం నేర్చుకోవడానికే పోతుంది. మూడేసి జట్లతో నాలుగు గ్రూపులు పెడితే ప్రతి జట్టుకూ రెండు మ్యాచులు గ్యారంటీ. గ్రూపుల్లో పన్నెండు, సెమీస్ రెండు, ఫైనల్ ఒకటి, మొత్తం పదిహేను. అయిదు గోల్స్ మ్యాచ్‌కు, జట్లు మారే టైమ్‌తో కలిపి పన్నెండు నిమిషాలు వేసుకుంటే మూడు గంటలు. పది గంటలకు మొదలుపెడితే ఒంటిగంటకు అయిపోతుంది, భోజనాల తర్వాత పిల్లల డాన్సులకు అడ్డు రాదు. నాలుగు మ్యాచుల కోసం ఆరు జట్లను బాధపెట్టలేం.

మంగళవారం

రూల్స్ ఎక్కువ పెట్టొద్దని అందరూ అన్నారు, సరే. కడ్డీని గిరగిరా తిప్పడం మాత్రం ఒప్పుకోం. బంతిని తాకకముందో తాకాకో ఒక చుట్టు పూర్తిగా తిరిగితే ఆ గోల్ చెల్లదు. పిల్లలకు ఇది ముందే ప్రేమగా చెప్పాలి, పోటీలో చెప్తే ఏడుస్తారు. బంతిని ఐదుగురి కడ్డీ మీద పది సెకన్లు, మిగతా చోట్ల పదిహేను సెకన్లు మించి పట్టుకోకూడదు. గోల్ తిన్న జట్టు మధ్య బొమ్మ దగ్గర నుంచి, "రెడీ?" అని అడిగి, ఎదుటివాళ్లు "రెడీ" అన్నాకే ఆడాలి. బంతి ఎవరికీ అందకుండా ఐదుగురి వరుసల మధ్య ఆగిపోతే, దాన్ని చివరగా సర్వ్ చేసిన వాళ్లకే ఇస్తాం. గోల్ వైపు ఆగితే అక్కడి డిఫెన్స్‌కు. టేబుల్‌ను గుద్దడం, ఊపడం కుదరదు.

పెద్దవాళ్లు ఒకటి గమనించాలి. ఈ టేబుల్ కడ్డీలు అవతలి వైపు బయటికి పొడుచుకొస్తాయి. ఎదురుగా నిలబడ్డ చిన్నపిల్లల ముఖానికి, ఛాతీకి తగిలే ఎత్తు అది. రెండు వైపులా నేల మీద రంగు టేపుతో గీత వేసి, ఆడేవాళ్లు తప్ప ఇంకెవరూ ఆ గీత దాటకుండా ఒకరు నిలబడాలి. ఇది చాలా ముఖ్యం, ఎవరు తీసుకుంటారు?

శుక్రవారం సాయంత్రం టేబుల్‌ను హాల్లోకి మార్చాక మళ్లీ మట్టం చూడాలి. చిన్న గదిలో సరిగా ఉన్నంత మాత్రాన హాల్లో ఉండదు. ఇంటి పని చేయించే బావ దగ్గర రసమట్టం ఉంది, అది తెచ్చి పొడవునా ఒకసారి, అడ్డంగా ఒకసారి పెట్టి చూసి, కాళ్ల కింద మరలు తిప్పి సరిచేయండి. బుడగ మధ్యకు వచ్చాక బంతితో కూడా చూడండి. కడ్డీలకు సిలికాన్ స్ప్రే చాలు, వంటనూనె కానీ కొబ్బరినూనె కానీ అస్సలు వద్దు. స్ప్రేను గుడ్డ మీద కొట్టి గుడ్డతో రాయండి, ఒక్క చుక్క బంతి దొర్లే చోట పడినా ఆట మారిపోతుంది. ప్రాక్టీస్ చేసిన బంతులతోనే పోటీ ఆడాలి. ఆ రోజు పొద్దున కవర్ చించి కొత్త బంతి తీయొద్దు, దయచేసి.

వంటలు చూసే వదిన తాళానికి ఒప్పుకున్నారు. పోటీ రోజు పొద్దున్నే వచ్చే వాలంటీర్లకు ఉగ్గాని, బజ్జీ కూడా ఆవిడే చేస్తానన్నారు. బొరుగులు నేను ఇక్కణ్ణుంచి తెస్తున్నాను, ఎండబెట్టిన వేపపూత, చెనిక్కాయల పొడి, నిప్పట్లు కూడా. నెయ్యి, కోవా అడగొద్దు, పాల పదార్థాలు యూరప్‌లోకి తీసుకురానివ్వరు. మామిడాకులు కూడా కుదరవు, పచ్చి ఆకులకు సర్టిఫికెట్ కావాలి. తోరణాలకు కాగితం ఆకులే కత్తిరిద్దాం.

ఇంకొకటి. ఈ నెలాఖరు ఆదివారం అక్కడ గడియారం గంట ముందుకు జరుపుతారు. అప్పటి నుంచి నాకూ మీకూ తేడా నాలుగున్నర గంటలు కాదు, మూడున్నర. నాకు ఫోన్ చేసేవాళ్లు చూసుకోండి.

సోమవారం రాత్రి బెంగళూరు నుంచి నా ఫ్లైట్. మొదటి వారం స్లాట్‌కు పాప, వాళ్ల నాన్న వెళ్తారు. రెండోది గురువారం ఎనిమిదిన్నరకు, అంటే అందరికంటే చివర, నాకూ పాపకూ రాయండి. మిగతా ఇరవై రెండు ఖాళీగా ఉన్నాయి. పేర్లు రేపు సాయంత్రానికల్లా ఇవ్వండి, మొదటిసారి ఆడే జట్లు ముందు ఎంచుకోవాలి.