ఒక్క జత తేలికపాటి ట్రెయిల్ షూతో మాకళిదుర్గ బండలూ, మలెనాడు బురదా రెండూ దాటగలమా?

యలహంక తేజ
అందరికీ నమస్కారం. మాది హిందూపురం, ఉద్యోగరీత్యా బెంగళూరు యలహంకలో ఉంటున్నాను. ఇన్నాళ్ళూ ఇక్కడి జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయం లోపలి మట్టిదారుల్లో రోడ్డు షూతోనే పరిగెత్తాను. ఇప్పుడు శని, ఆదివారాల్లో మాకళిదుర్గ, నంది చుట్టుపక్కల కొండదారులు మొదలుపెట్టాం. అక్టోబరులో చిక్కమగళూరు కాఫీ తోటల్లో 50 కిలోమీటర్ల పరుగుకి పేరు ఇచ్చాను. నా పాదం ముందువైపు వెడల్పు, మడమ సన్నం. ఏ షూ వేసినా చిటికెన వేలు ఒరుసుకుంటుంది. పన్నెండు వేల లోపు తేలికగా ఉండే ట్రెయిల్ షూ ఒక్క జత కొనాలి. ఇక్కడి ఎండిన బండలకీ, అక్కడి బురదకీ రెండింటికీ పనికొచ్చేది ఏదైనా ఉందా?

కొండగాలి
తేజా, ముందు బరువు చూడు. ఒక్కో షూకి 100 గ్రాములు పెరిగితే పరుగులో ఆక్సిజన్ ఖర్చు సుమారు 1 శాతం పెరుగుతుందని పరిశోధనల్లో తేలింది. ఒక శాతమే కదా అని కొట్టిపారేయకు. 50 కిలోమీటర్ల ఎక్కుడు దిగుడు దారిలో ఆ కాలిని ఎన్ని వేల సార్లు లేపాలో ఆలోచించు. పైగా చిక్కమగళూరు ఉన్న మలెనాడు కొండసీమలో షూ తడవకుండా ఉండదు. మందపాటి మెత్తలున్న షూ నీళ్ళు పీల్చుకుని ఇంకా బరువెక్కుతుంది. ఇంగ్లండ్ కొండల పరుగు కోసం పుట్టిన ఇనోవ్-8 వాళ్ళు షూ పేరులోనే బరువు చెప్పేవాళ్ళు, ఎక్స్-టాలన్ 212 అంటే 212 గ్రాములు.

నా లెక్క ఇది. 250 గ్రాములు దాటింది ముట్టుకోవద్దు. అడుగున లగ్స్, అంటే నేలని పట్టుకునే రబ్బరు పళ్ళు, 5 మిల్లీమీటర్లకి తగ్గొద్దు. డ్రాప్, అంటే మడమ కిందికీ మునివేళ్ళ కిందికీ ఎత్తులో ఉండే తేడా, ఎంత తక్కువుంటే అంత మంచిది. సోల్ పల్చగా ఉంటే కాలికి నేల తెలుస్తుంది. ఇవి చూసుకుంటే ఒక్క జత చాలు.

హెబ్బాళ రమణ
అన్నా, అతను పాదం ఆకారం చెప్పి ప్రశ్న అడిగాడు. మీరు దాని గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు.

చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో 79 చోట్ల లక్ష మందికి పైగా పాదాలు కొలిచింది. మనవాళ్ళ పాదాలు సాధారణంగా యూరప్, అమెరికా వాళ్ళ పాదాల కన్నా వెడల్పని తేల్చింది. అందుకే 'భ' అనే పేరుతో మనకి వేరే సైజు పద్ధతి ప్రతిపాదించారు. మనం కొనే ట్రెయిల్ షూలు చాలావరకు ఆ దేశాల పాదాల అచ్చు మీద తయారైనవే. అక్కడే మొదలవుతుంది సమస్య అంతా.

ఇక్కడే ఒక పెద్ద దుకాణంలో నాకు వెడల్పు చాలట్లేదంటే ఒక సైజు పెంచి ఇచ్చారు. పొడవు పెరిగింది, వెడల్పు రాలేదు. దిగుడులో పాదం ముందుకి జారి, బొటనవేలు ప్రతి అడుగుకీ షూ ముక్కుకి కొట్టుకుంది. గోరు నల్లబడి ఊడిపోయింది. వెనక్కి తీసుకోమంటే మట్టి అంటిందని తోసిపుచ్చారు. ట్రెయిల్ షూకి మట్టి అంటక ఇంకేం అంటుతుంది?

తేజా, సాయంత్రం పూట, కాళ్ళు కాస్త ఉబ్బినప్పుడు దుకాణానికి వెళ్ళు. షూలో ఉండే లోపలి అట్ట బయటికి తీసి నేల మీద పెట్టి దాని మీద నిలబడు. చిటికెన వేలు అట్ట దాటి బయటికి వస్తే ఆ షూ నీది కాదు. బరువెంతయినా, ధరెంతయినా అంతే. సలోమన్ స్పీడ్‌క్రాస్ బురదకి గొప్పదంటారు, ముందువైపు ఇరుకు. ఆల్ట్రా లోన్ పీక్ వేళ్ళ దగ్గర పాదం ఆకారంలోనే విశాలంగా ఉంటుంది, కానీ 300 గ్రాముల దరిదాపుల్లో ఉంటుంది. అన్న చెప్పిన 250 లెక్క పట్టుకుంటే అది పోతుంది.

మారతహళ్ళి మధు
1960 రోమ్ ఒలింపిక్స్‌లో అబేబే బికిలా ఒట్టి కాళ్ళతో మారథాన్ గెలిచాడు. ఇన్ని లెక్కలు ఎందుకండీ?

కెంగేరి కిరణ్
అదే బికిలా 1964లో టోక్యోలో షూ వేసుకుని మూడు నిమిషాలకు పైగా తక్కువ సమయంలో ముగించాడు. రెండూ రోడ్లే. తేజ అడిగింది కొండల గురించి.

కొండగాలి
రమణ గారూ, లోన్ పీక్ 300 అన్నారు. ఏ సైజుకి? కొత్తవాళ్ళకి అంకెలు చెప్పేటప్పుడు సైజు కూడా చెప్పాలి.

హెబ్బాళ రమణ
సాధారణంగా మగవాళ్ళ యూఎస్ 9 సైజు దగ్గర తూచి రాస్తారు. మరి మీ 250 ఏ సైజుకి? నాది 11. నా సైజులో ఆ అంకె ఎలాగూ పెరుగుతుంది. 7 సైజువాడికీ, 11 సైజువాడికీ ఒకే హద్దు పెడితే అదేం హద్దు?

కొండగాలి
నేను చెప్పింది కంపెనీ రాసిన బరువు. దాన్నే పోల్చుకోవాలి. మీ సైజు పెద్దదైతే మీ కాలి బలమూ దానికి తగ్గట్టు ఉంటుంది.

హెబ్బాళ రమణ
సైజు పెద్దదైతే బలం ఉంటుందని ఎవరు చెప్పారు మీకు?

వైట్‌ఫీల్డ్ పద్మజ
గ్రాముల గొడవ కాసేపు పక్కన పెట్టి నా మాట కూడా వినండి. నేను మెట్టెలు పెట్టుకుంటాను. తీసేయమని సలహా ఇవ్వొద్దు, తీయను. రెండో వేలికి మెట్టె ఉంటే ఆ చోట పాదం ఇంకో రెండు మూడు మిల్లీమీటర్లు కోరుతుంది. చదును దారిలో తెలియదు. దిగుడులో షూ ముందువైపు వేళ్ళని దగ్గరికి నొక్కినప్పుడు మెట్టె అంచు పక్క వేలికి దిగుతుంది, గంటలో బొబ్బ. ఆడవాళ్ళ షూ అచ్చు మగవాళ్ళ దానికన్నా ఇంకా ఇరుకు. అందుకే మగవాళ్ళ షూలో చిన్న సైజు వేసుకుంటున్నాను. ముందువైపు హాయిగా ఉంది, మడమ మాత్రం లోపల లేస్తోంది. లేసు చివరి రంధ్రాల్లో రెండువైపులా ఉంగరంలా వేసి, దాంట్లోంచి దూర్చి బిగిస్తే కొంత నయం. తేజకి కూడా మడమ సన్నం కాబట్టి ఇది పనికొస్తుంది. ఆడవాళ్ళ ట్రెయిల్ షూలో వెడల్పు రకం బెంగళూరులో ఎక్కడైనా వేసి చూసి కొనేలా దొరుకుతుందా? ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

సావనదుర్గ శివ
నేల గురించి ఎవరూ సరిగా మాట్లాడలేదు కాబట్టి నేను రాస్తాను. నేను ఎక్కువగా సావనదుర్గ, రామనగర బండల మీదే తిరుగుతాను.

ఎండిన గ్రానైట్ బండ మీద లోతైన లగ్స్ మేలు కన్నా చేటే ఎక్కువ చేస్తాయి. బండకి ఆనేది వాటి కొసలు మాత్రమే. వాలు మీద బరువు వేస్తే ఆ రబ్బరు పళ్ళు ఒంగుతాయి, అడుగు ఊగుతుంది. బండకి కావాల్సింది 3, 4 మిల్లీమీటర్ల పొట్టి లగ్స్, దగ్గర దగ్గరగా, రబ్బరు మెత్తగా. వైబ్రమ్ మెగాగ్రిప్ లాంటి రబ్బరైతే బండని పట్టుకుంటుంది.

మలెనాడు జిగట మట్టికి ఇది పూర్తిగా ఎదురు. అక్కడ లగ్స్ లోతుగా, ఎడం ఎడంగా ఉండాలి. దగ్గరగా ఉంటే మధ్యలో మట్టి కూరుకుపోయి సోల్ అంతా రొట్టె పెనంలా నున్నగా అయిపోతుంది. కాఫీ తోటల్లో తడి ఆకుల కింద వేళ్ళుంటాయి, వాగు దాటేచోట పాచి పట్టిన రాళ్ళుంటాయి. పాచి మీద ఏ లగ్స్ నిలవవు, అడుగు చూసి వేయాల్సిందే. నీళ్ళు లోపలికి రాని రకం అని గోర్‌టెక్స్ కొనొద్దు. మోకాలి లోతు వాగులో నీళ్ళు పైనుంచే దూరతాయి, లోపలే నిలిచిపోతాయి. నీళ్ళు వెళ్ళిపోయే పల్చని జాలీ ఉన్నదే మేలు.

మాకళిదుర్గలో ఇంకోటుంది, గరుసు. బండ మీద పరుచుకున్న సన్న రాళ్ళపొడి. జారి పడేది చాలావరకు అక్కడే. దానికి 4 మిల్లీమీటర్లు సరిపోతాయి.

కాబట్టి ఒక్క జతతో రెండూ అంటే ఎక్కడో ఒకచోట సర్దుకోవాలి. రబ్బరు మెత్తగా ఉన్న షూతో యలహంక నుంచి తారు రోడ్డు మీద పరిగెత్తుకుంటూ పోతే త్వరగా అరిగిపోతుందన్నది కూడా గుర్తుంచుకో.

కొండగాలి
శివా, నువ్వు చెప్పింది బండలు ఎక్కేవాళ్ళ లెక్క. మేము పరిగెత్తేవాళ్ళం.

అసలు మాట చెప్తాను. అందరూ పాదానికి తగ్గ షూ అంటున్నారు, షూ వల్లే పాదం పాడైందని ఎవరూ అనట్లేదు. 1992లో మన కర్ణాటక వైద్యులే 2300 మంది పిల్లల పాదాల మీద అధ్యయనం ప్రచురించారు. చెప్పులూ బూట్లూ వేసుకునే పిల్లల్లో 8.6 శాతానికి చదును పాదం, వేసుకోని పిల్లల్లో 2.8 శాతానికే. నేను మదనపల్లె దగ్గర పల్లెలో చెప్పుల్లేకుండా పెరిగాను, ఈ వయసులో కూడా పల్చటి జీరో డ్రాప్ షూతో కొండ దిగుతున్నాను. పాదాన్ని బలపరిస్తే అన్ని షూలూ సరిపోతాయి. మెత్తల షూలకి అలవాటు పడి పాదాన్ని సోమరిని చేసుకుని, తర్వాత అచ్చు బాగాలేదని కంపెనీని తిట్టడం ఎందుకు?

హెబ్బాళ రమణ
సోమరి అన్నారు కదా, ఇక నేనూ దాచుకోను.

రెండేళ్ళ కిందట ఇదే చోట నేను తేజలాగే అడిగాను. మీరు ఇదే సమాధానం ఇచ్చారు. పల్చటి సోల్, జీరో డ్రాప్, పాదం బలపడుతుంది అన్నారు. పెద్దవారు, కొండలు తిరిగినవారు అని నమ్మి కొన్నాను. రెండో నెలలో మడమ వెనక నరం పట్టేసింది. పొద్దున మంచం దిగి మొదటి అడుగు వేయాలంటే గోడ పట్టుకునేవాణ్ణి. మా పాపని ఎత్తుకుని మెట్లు దిగలేకపోయాను. ఫిజియో దగ్గరికి నెలల తరబడి తిరిగాను. ఆ సంవత్సరమంతా పరుగు లేదు.

మీరు పొలం గట్ల మీద పెరిగారు. నేను బళ్ళారిలో స్కూలు నల్లబూట్లలో పెరిగి, ఇరవై ఏళ్ళుగా కుర్చీలో కూర్చుని పనిచేస్తున్నాను. ఆ అధ్యయనం పిల్లల మీద చేసింది. నలభై ఏళ్ళవాడు షూ పల్చన చేసుకుంటే పాదం బాగుపడుతుందని అందులో ఉందా?

కొండగాలి
మీకు అలా జరిగిందని నాకు ఇప్పుడే తెలిసింది, బాధగా ఉంది. కానీ ఆ రోజు రాసింది ఇప్పుడే తీసి చూశాను. "మెల్లగా అలవాటు చేసుకోండి" అని స్పష్టంగా రాశాను. మీరు తొందరపడితే తప్పు షూది కాదు, నాదీ కాదు.

హెబ్బాళ రమణ
మెల్లగా అంటే ఎన్ని వారాలు? వారానికి ఎంత దూరం? పిక్కలో ఏ నొప్పి వస్తే ఆపాలి? గ్రాములు మిల్లీమీటర్లతో సహా రాశారు, ఇది మాత్రం మూడు మాటల్లో తేల్చేశారు. ఇప్పుడు తేజకి ఆ మూడు మాటలు కూడా రాయలేదు. ఇన్నేళ్ళుగా ఏ కాళ్ళతో పరిగెత్తాడో, ఏ డ్రాప్ షూ వాడాడో అడగనైనా అడగలేదు. నా గొడవ బరువుతో కాదు, దీనితో.

జయనగర్ లావణ్య
నేను ఫిజియోథెరపిస్టుని. డ్రాప్ తగ్గేకొద్దీ పిక్క కండరం మీదా, మడమ నరం (పిక్కని మడమకి కలిపే అకిలీస్ టెండన్) మీదా భారం పెరుగుతుంది. రోడ్డు షూలో 10 మిల్లీమీటర్ల డ్రాప్‌కి అలవాటుపడ్డ మనిషి ఒకేసారి సున్నాకి దిగి కొండలెక్కితే నరం తట్టుకోలేకపోవచ్చు. అలాగని జీరో డ్రాప్ అందరికీ చెడ్డదని కాదు. చిన్న చిన్న నడకలతో మొదలుపెట్టి నెలల మీద పెంచాలి. అక్టోబరు పరుగు నెత్తి మీద పెట్టుకుని చేసే మార్పు కాదది.

కొండగాలి
అవసరమైతే నడకతో మొదలుపెట్టనీ. పాదం బలపడాలన్న మాట మాత్రం నేను వెనక్కి తీసుకోను. షూ మార్చుకుంటూ పోతే ఆ పని ఎప్పటికీ జరగదు.

యలహంక తేజ
అందరికీ థ్యాంక్స్. నా వల్ల ఇంత గొడవ అవుతుందనుకోలేదు. నా పాత రోడ్డు షూ చూశాను, డ్రాప్ 10. కాబట్టి సున్నా జోలికి ఇప్పుడు వెళ్ళను. నిన్న సాయంత్రం రమణన్న చెప్పినట్టు లోపలి అట్టల మీద నిలబడి చూశాను. నాకు నచ్చిన తేలిక షూ రెండింట్లోనూ చిటికెన వేలు పూర్తిగా బయటికి వచ్చేసింది. మూడోది కాస్త బరువు, 280 గ్రాములు, డ్రాప్ 6, లగ్స్ 5. వేళ్ళు లోపలే ఉన్నాయి. మడమ కొంచెం లేస్తోంది, పద్మజక్క చెప్పినట్టు లేసు కట్టి దుకాణంలోని మెట్లు దిగి చూశాను, ఆగింది. చిక్కమగళూరుకి అదే తీసుకుంటున్నాను. మాకళిదుర్గ బండలకి ప్రస్తుతానికి పాత రోడ్డు షూతోనే వెళ్తాను, సోల్ చదునుగానే ఉంది కదా. శివన్నా, అది ప్రమాదమా?

సావనదుర్గ శివ
ఎండ ఉన్న రోజు బండ మీద పరవాలేదు. గరుసు ఉన్న దిగుడులో మాత్రం నడువు, పరిగెత్తకు. వాన పడితే ఆ షూతో కొండ ఎక్కనే ఎక్కకు. కొత్త షూని కూడా పరుగుకి ముందు కనీసం రెండు మూడు పెద్ద పరుగుల్లో, ఒకసారి తడిపి కూడా వాడి చూడు. తడిసిన మేజోళ్ళతో వేలు ఎక్కడ ఒరుసుకుంటుందో అప్పుడే తెలుస్తుంది.

కొండగాలి
280. సరే, నీ ఇష్టం.

వైట్‌ఫీల్డ్ పద్మజ
తేజా, మంచి పని చేశావు. ఆడవాళ్ళ వెడల్పు రకం ఎక్కడ దొరుకుతుందని నేను అడిగిన దానికి ఇంతమందిలో ఒక్కరూ జవాబివ్వలేదు. మళ్ళీ అడుగుతున్నాను, యూకే 5 సైజు.