అప్‌డేట్: మావారి లివర్ ఆపరేషన్ నెల ఎందుకు ఆపారంటే (చెన్నై)

కుడివైపు గడ్డ తీయాలంటూనే సర్జన్ నెల ఆగమన్నారు, ఈలోగా ముదిరిపోదా అని అడిగాను కదా. "సీటీ వాల్యూమెట్రీ (స్కాన్‌తో లివర్ పరిమాణం కొలవడం) ఎంతొచ్చిందో అడగండి" అన్నవారికి థాంక్స్, విషయం అక్కడే ఉంది. కోశాక మిగిలే లివర్ 31 శాతమే. సిరోసిస్ (లివర్ దెబ్బతిని గట్టిపడటం) ఉంటే దాదాపు 40 కావాలట. అందుకని లివర్ కుడి భాగానికి రక్తం తెచ్చే కుడి పోర్టల్ సిరను మూసి (ఎంబోలైజేషన్) ఎడమవైపు పెరగనిచ్చారు. 5 వారాలకి 42 వచ్చింది, ఆపరేషన్ చేశారు, 9వ రోజు ఇంటికొచ్చేశాం.

మూడు బంతుల స్పైరోమీటర్ (ఊపిరితిత్తుల వ్యాయామానికి ఇచ్చే పరికరం) ఆపరేషన్‌కి ముందునుంచే అలవాటు చేయించండి. గాలి లోపలికి పీల్చాలి, ఊదకూడదు (మేం రెండ్రోజులు ఊదించాం!). ఆపరేషన్ తర్వాత పొట్టలోంచి ద్రవం బయటికి రావడానికి పెట్టే గొట్టం (డ్రెయిన్)లో ఆకుపచ్చ పసరులా కనిపిస్తే వెంటనే నర్సుకి చెప్పాలి, పైత్యరసం లీకవుతుండొచ్చు.

డోనర్ కోసం చేసిన ఆరా అంతా అనవసరం. అది లివర్ మార్పిడికి, దీనికి కాదు.