వెల్డింగ్ ఏప్రాన్లు, గ్లౌజులు, బెల్టులు: కుట్టుకు ఏ దారం, ఏ సూది?

మిర్యాలగూడ_వెల్డర్:
అన్నలూ, మాది ఫ్యాబ్రికేషన్ షాపు. రైసు మిల్లుల పనే ఎక్కువ. వెల్డింగ్ చేసే పిల్లలకు తోలు ఏప్రాన్లు, గ్లౌజులు ఇప్పిస్త. తోలుకు ఏం కాదు, కుట్లే ఊడుతున్నయి. బజార్ల టైలర్‌కు ఇస్తే చొక్కాలు కుట్టే దారంతోటే కుట్టిచ్చిండు. నిప్పురవ్వ పడ్డకాడల్ల కరిగి మళ్ల నోరు తెరిచింది. నిప్పుకు ఆగే కెవ్లార్ దారం తెమ్మని ఒకాయన అంటడు, కాటన్ చాలని ఇంకొకాయన. ఇంట్ల పాత ఉషా మెషీన్ ఉన్నది, దాని మీద తోలు నడుస్తదా? సూది ఏ నంబర్ తేవాలె? ఇంకోటి, ఎత్తు మీద పనిచేసే పిల్లల సేఫ్టీ బెల్టులు కొన్నిటికి కుట్లు లేసినయి. పనిల పని అవి గూడ కుట్టేద్దమనుకుంటున్న.

పాలమూరు_సీటుకవర్లు:
తమ్మీ, టైలర్‌ను ఏమనకు. ఆయన దగ్గర ఉండేది పాలిస్టర్ దారమే. నైలాన్ గానీ పాలిస్టర్ గానీ 220 నుంచి 260 డిగ్రీల మధ్యల కరిగిపోతయి. వెల్డింగ్ రవ్వ వెయ్యి డిగ్రీలు దాటి ఉంటది. ఇగ ఆగుతదా? కాటన్ కరగదు గని మాడుతది. కెవ్లార్ అసలు కరగదు, 400 డిగ్రీలు దాటినంకనే చెడుడు మొదలైతది. వెల్డింగ్ సామాను మంచి కంపెనీలు దాంతోటే కుడుతయి.

సూది సంగతి చెప్త, మా షాపుల రోజూ ఇదే లొల్లి. అందరు తోలు మందం చూసి సూది అడుగుతరు. ముందుగాల చూడాల్సింది దారం. దారం రీలు మీద టెక్స్ అని ఉంటది. వెయ్యి మీటర్ల దారం ఎన్ని గ్రాములు తూగుతదో అదే టెక్స్. సూది మీద 110/18 అని ఉంటది. 110 అంటే 1.10 మిల్లీమీటర్ల లావు, 18 అనేది అదే సైజుకు పాత సింగర్ నంబర్. టెక్స్ 70 దారానికి 18 నంబర్, టెక్స్ 90కి 18 లేదా 20, టెక్స్ 135కి 22, టెక్స్ 210కి 23 లేదా 24. ఇది మా లెక్క, ఒక నంబర్ అటు ఇటు అయితే మెషీన్ తిట్టదు.

సూది సరిపోయిందా లేదా అని చూసేటందుకు నేను చేసేది ఇది. మెషీన్ల పెట్టకముందే జానెడున్నర దారం సూది బెజ్జంల ఎక్కించి, రెండు కొసలు పట్టుకొని ఏటవాలుగ బిగబడ్త. సూది తన బరువుకు తనే కిందికి జారాలె. ఆగి ఆగి జారితే బెజ్జం ఇరుకు, దారం పోగులు లేసి తెగుతది. సర్రున పడిపోతే సూది లావు, బొక్క పెద్దదై కుట్టు వదులుగ కూసుంటది.

ఇంట్ల ఉషా మీద 18 నంబర్ సూది, టెక్స్ 70 దారం దాక పోవచ్చు. అది గూడ మోటర్ బంజేసి, చక్రం చేతితోటి తిప్పుకుంట. ఏప్రాన్ తోలు రెండు పొరలు కలిస్తే మూడు మిల్లీమీటర్ల దాక వస్తది, అంతకు మించితే సూది వంగి కింది ప్లేటుకు తగులుతది. సీటు కవర్ల షాపుల్ల ఉండే వాకింగ్ ఫుట్ మెషీన్ (పాదం గూడ తోలుతోటి ముందుకు నడిచేది) అయితే దాని సూదే వేరు, డీపీ×17 అంటరు. పవర్ మెషీన్ సూది డీబీ×1. ఇంటి మెషీన్ సూదికి కాడ ఒకదిక్కు చదునుగ ఉంటది. దుకాణపాయన నంబర్ ఒక్కటే చూసి ఇస్తడు, పాత సూది తీస్కపోయి పక్కపక్కన పెట్టి చూసుకో.

దేవరకొండ_తోలుపని:
పై అన్న చెప్పింది కొత్తగ కుట్టేదానికి కరెక్టు. చినిగిన కుట్టుకు మెషీన్ ఎందుకు? మెషీన్ల పెడితే పాత బొక్కల పక్కన కొత్త బొక్కల వరుస పడతది. తోలుకు ఒకసారి పడ్డ బొక్క మళ్ల పూడదు. రెండు వరుసలు పక్కపక్కన పడితే పోస్టు స్టాంపు లెక్క ఆ గీత పొంటి చినుగుతది.

పాత బొక్కల్లనే చేత్తోటి కుట్టాలె. రెండు సూదులు, ఒకటే దారం, కొసకొకటి. ఒక బొక్కల నుంచి రెండూ ఎదురెదురుగ పోవాలె. అట్ల కుడితే నడుమల ఒక్కకాడ తెగినా మిగతా కుట్టు ఊడదు. మెషీన్ కుట్టు ఒక్క పోగు తెగితే సర్రున ఊడి వస్తది. సూది మొద్దు మొనది తీసుకో, బొక్క చేసే పని ఆరెది (తోలుకు బొక్క పొడిచే పనిముట్టు), సూదిది కాదు. వాడి మొన సూది పాత దారంల గుచ్చుకొని దాన్నే చీలుస్తది. దారానికి మైనం పూయి. కుట్టుకు కుట్టుకు మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల ఎడం ఉండాలె. దగ్గరదగ్గర కుడితే గట్టిగుంటదని చాలామంది అనుకుంటరు, తోలుకు అది ఉల్టా.

దామరచర్ల_సేఫ్టీ:
సిమెంట్ ప్లాంట్లలో, పవర్ ప్లాంట్ సైట్లలో సేఫ్టీ విభాగంలో పనిచేశాను. ఏప్రాన్ల గురించి ఎంతైనా మాట్లాడుకోండి, బెల్టులు కుట్టే ఆలోచన మాత్రం మానుకోండి. ఫుల్ బాడీ హార్నెస్ (భుజాలకు, తొడలకు కూడా పట్టీలుండే సేఫ్టీ బెల్టు) ఐఎస్ 3521 అనే భారతీయ ప్రమాణం ప్రకారం పరీక్షించి ఇస్తారు. ఏ దారం, ఎన్ని కుట్లు, ఏ ఆకారంలో అన్నది ఆ పరీక్షలో భాగమే. మనిషి జారి పడినప్పుడు కుదుపును తగ్గించే షాక్ అబ్జార్బర్ ఉన్నా సరే, ఒంటి మీదికి ఆరు కిలోన్యూటన్ల దాకా రావచ్చు. అంటే సుమారు ఆరు వందల కిలోల బరువు వేలాడదీసినంత. మీ కుట్టు అంత ఆపుతుందో లేదో చూడాలంటే ఒక మనిషి పడాలి.

హార్నెస్ మీద కుట్టు దారం పట్టీ రంగుకు భిన్నంగా ఉండటం చూసే ఉంటారు. తెగిన పోగు దూరం నుంచే కనబడాలనే అలా వేస్తారు. కుట్టు తెగినా, అంచు చిరిగినా, రవ్వ పడి పట్టీ ఒకచోట గట్టిపడి మెరుస్తున్నా, ఒకసారి మనిషిని ఆపినా ఇక దాని పని అయిపోయినట్టే. పారేసే ముందు పట్టీలు కత్తిరించండి. లేకపోతే స్క్రాప్ కుప్పలోంచి ఎవరో తీసి మళ్లీ తగిలించుకుంటారు.

మిర్యాలగూడ_వెల్డర్:
సార్, మీరు చెప్పింది అర్థమైంది. గని ఒక్కొక్క బెల్టు మళ్ల కొనాలంటే చిన్న షాపోళ్లకు బరువే. ఒక్క జాగనే కుట్టు లేసింది, పట్టీ నిమ్మలంగనే ఉన్నది.

పాలమూరు_సీటుకవర్లు:
తమ్మీ, నా దగ్గరికి గూడ తెస్తరు ఇసొంటివి. పైసలు రెట్టింపు ఇస్తమన్నా ముట్ట. మనం తోలుకు వాడే మూడు మూలల మొన సూది కోసుకుంట పోతది. పట్టీ మీద అది దిగితే లోపలి పోగులే తెగుతయి. పైకి కుట్టు కొత్తగ కనబడ్తది, లోపల పట్టీ సగం ప్రాణం పోయి ఉంటది. అందుకనే పట్టీలు, కాన్వాసు, టార్పాలిన్లకు గుండ్రటి మొన సూదే పెట్టాలె. టూల్ బ్యాగు పట్టీ అయితే తీస్కరా, కుట్టిస్త. మనిషి వేలాడేది మాత్రం కాదు.

చౌటుప్పల్_గీతోళ్ల_పిలగాడు:
ఈ ముచ్చట మాకు గూడ పనికొస్తది. మా బాపు కల్లుకు తాటిచెట్లు ఎక్కుతడు. 2024ల తెలంగాణ సర్కారు గీతోళ్లకు చెట్టెక్కే సేఫ్టీ సామాను, కాటమయ్య రక్ష కిట్లు ఇచ్చుడు మొదలైంది గద, మాకు గూడ వచ్చింది. మోకు (చెట్టెక్కే తాడు) అలవాటైనోళ్లు కొందరు కిట్టును ఇంట్ల దూలానికి తగిలిచ్చిన్రు. మా బాపు వాడుతడు, గని దిగినంక దాన్ని ఎండల దండెం మీద వేసుడే. పట్టీ రంగు పోయింది, దారం మీద చేయి వేస్తే పొడి పొడి రాలుతుంది. దబ్బనంతోటి నేనే నాలుగు కుట్లు వేద్దమనుకున్న, పై సార్ మాటలు సదివినంక ఆగిన.

దామరచర్ల_సేఫ్టీ:
మంచి పని చేశారు. పొడి రాలుతోందంటే దారం ఎండకు పాడైపోయినట్టే, ఆ పట్టీ కూడా అదే ఎండలో ఉంది కదా. దాంతో చెట్టు ఎక్కవద్దని నాన్నగారికి చెప్పండి, బదులు ఇస్తారేమో ఇచ్చినవారినే అడగండి. ఎండకు నైలాన్ త్వరగా దెబ్బతింటుంది, పాలిస్టర్ కొంత మేలు. కెవ్లార్ నిప్పుకు ఎంత గట్టిదో ఎండకు అంత బలహీనం. అన్నిటికీ కెవ్లార్ అనేవాళ్లు ఇది గమనించాలి. టార్పాలిన్లు, ఎండలో వాడే బ్యాగులు కెవ్లార్‌తో కుట్టించడం డబ్బు దండగ. కొత్తది వస్తే సంచిలో వేసి నీడలో పెట్టించండి.

జడ్చర్ల_ఫార్మా:
పోలేపల్లి వైపు కంపెనీల్ల పనిచేసిన. మా దగ్గర నిప్పు కాదు, యాసిడ్ బాధ. యాసిడ్ చుక్క పడితే నైలాన్ దారం, కాటన్ దారం రెండూ కొన్నాళ్లకు పట్టుకుంటే తెగుతయి. పాలిస్టర్ తట్టుకుంటది. గాఢమైన కాస్టిక్ సోడా అయితే ఉల్టా, పాలిస్టర్ దెబ్బతింటది, నైలాన్ నయం. సిమెంట్ గూడ తడిస్తే క్షారమే గద, గ్లౌజులకు ఏం వాడుతున్నరు సార్?

ఇంకోటి, పైన తొడిగే కెమికల్ సూటు చినిగితే సూది పెట్టొద్దు. ప్రతి కుట్టు ఒక బొక్క. కంపెనీ కుట్టిన జాయింటు మీద టేపు అంటించి ఉంటది అందుకనే.

దామరచర్ల_సేఫ్టీ:
సిమెంట్ లోడింగ్ గ్లౌజుల్లో దారం క్షారానికి పోయేలోపే రాపిడికి పోతుంది. అక్కడ బాండెడ్ దారం అడగండి, నైలానో పాలిస్టరో తర్వాతి సంగతి. బాండెడ్ అంటే పోగులు విడిపోకుండా పైన పూత ఉన్న దారం. కొస కత్తిరించి వేళ్ల మధ్య పురి విప్పి చూడండి, మామూలు దారం వెంటనే మూడు పోగులుగా విడిపోతుంది, బాండెడ్‌ది మొండికేస్తుంది.

లైన్‌మన్_కల్వకుర్తి:
కరెంటు రబ్బరు గ్లౌజులకు సూది అనే మాటే రావద్దు. దాని మీద తొడిగే తోలు గ్లౌజు మాత్రం మేం కుట్టించుకుంటం. కుట్టు ముడి లోపలిదిక్కు ఉంటే రబ్బరును గీకుతది, బయటికి వచ్చేటట్టు చూసుకోండి.

మిర్యాలగూడ_వెల్డర్:
అందరికి దండాలన్నా. బెల్టులు కోసి పడేసిన, కొత్తయి చెప్పిన. ఇగ దారం కథ వినండి. పసుపు రంగు రీలు ఒకటి కెవ్లార్ అని చెప్పి అమ్మిండు ఒక దుకాణపాయన. లైటర్‌తోటి కాలిస్తే కొస కరిగి నల్లటి గుండు లెక్క గట్టిపడ్డది, నల్ల పొగ గూడ వచ్చింది. ఇది కెవ్లారేనా?

పాలమూరు_సీటుకవర్లు:
కాదు. పసుపు రంగు వేసిన పాలిస్టర్ అది. అసలుది మంటల పెడితే ఎర్రగ అయి కొస నల్లబడ్తది, మంట తీయంగనే ఆరిపోతది, గుండు కట్టదు. ఇంకో గుర్తు, మామూలు కత్తెరతోటి అది సాఫుగ తెగది, నములుతది. ఆ రీలు తిప్పి ఇచ్చెయ్. సికింద్రాబాద్ రాణిగంజ్ పోతే ఇండస్ట్రియల్ దుకాణాల్ల అడుగు, కొనేముందు అక్కన్నే కాల్చి చూడు. కెవ్లార్ సాగది, అందుకని మెషీన్ల టెన్షన్ కొంచెం వదులు చేసుకో, లేకుంటే తోలు ముడుతలు పడ్తది.

మిర్యాలగూడ_వెల్డర్:
సరే అన్నా. గ్లౌజు బొటనవేలు కాడ ఎంత కుట్టినా మళ్ల అక్కన్నే పోతుంది. దానికి ఏం చెయ్యాలె?

దేవరకొండ_తోలుపని:
రెండు తోలు ముక్కల నడుమ సన్నటి తోలు పట్టీ ఒకటి పెట్టి మూడు కలిపి కుట్టు. ఆ పట్టీ అంచు దారం కంటె బయటికి ఉంటది, రాపిడి, రవ్వ ముందుగాల దాని మీద పడ్తయి. మంచి గ్లౌజు ఏదన్న చూడు, బొటనవేలు కాడ ఆ అంచు కనబడ్తది. కెవ్లార్ కొస కాల్చి అతికియ్యరాదు, కాబట్టి ఆఖరికి మూడు నాలుగు కుట్లు వెనక్కి వచ్చి, తోలు పొరల నడుమల ముడి వేసి, ఒక చుక్క గమ్ము పెట్టు. ముడి జారే గుణం ఉన్నది ఆ దారానికి, రెండు ముడులు వెయ్యి.

లైన్‌మన్_కల్వకుర్తి:
అన్నా, సేఫ్టీ షూ అడుగు ఊడితే గూడ ఇట్లనే కుట్టొచ్చా?

దేవరకొండ_తోలుపని:
పైతోలు కుట్టు పోతే కుడ్త. అడుగు పీయూది (పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్) అయితే మూసల పోసి అతికిచ్చిందే, కుట్టు నిలవది. చాన్నాళ్లు వాడకుంట పెట్టెల పెడితే అదే పొడిపొడిగ రాలిపోతది, దానికి సూది దారం ఏం చేస్తయి. ఫొటో పెట్టు, చూసి చెప్త.