రాజమహేంద్రవరంలో బహిరంగ చర్చల ఉత్సవం: సభికుల ప్రశ్నలను ఎలా నిర్వహించాలి?

రాజమహేంద్రవరంలో బహిరంగ చర్చల ఉత్సవం జరపాలని మేము కొందరం సంకల్పించాము. 1881లో వ్యతిరేకతను ఎదిరించి కందుకూరి వీరేశలింగం వితంతు వివాహం జరిపించిన నగరంలో ఇటువంటి వేదిక తప్పక ఉండాలని నా దృఢ విశ్వాసం.

డెల్టాలో వరి చేలు రొయ్యల చెరువులుగా మారడం మా మొదటి చర్చాంశం. చెరువుల ఉప్పునీరు తమ చేలలోకి ఊరుతున్నదనే వరి రైతులు, వరిలో గిట్టుబాటు లేదంటూ చెరువులను సమర్థించే రైతులు, సాగునీటికి ఎదురుచూసే కాలువ శివారువారు ఒకే వేదికపైకి వచ్చినప్పుడు, సభ తగవులాటగా మారకుండా, అలాగని అసలు మాట మరుగున పడకుండా చూడడం ఎలా? ప్రశ్నలను చీటీలపై తీసుకోవాలా, నేరుగా మైకు ఇవ్వాలా? చీటీలైతే రాయలేని కూలీల గొంతు, ముఖ్యంగా నాట్లు వేసే ఆడవారి గొంతు, వినిపించకుండా పోతుందని నా ఆందోళన. ఇటువంటి సభలు నడిపిన పెద్దలు దయచేసి తమ అనుభవం తెలుపగలరు.