ప్రసాదం వద్దన్న పిల్లని క్లాసంతా నిలదీసింది, నేనూ తప్పు చేశాను. ఇప్పుడు ఏం చెప్పాలి?

నెల్లిమర్ల టీచర్:
నమస్తే అండీ. విజయనగరం పక్కన పల్లెటూరి బడిలో ఏడో తరగతికి సోషల్ చెప్తాను. సిరిమానోత్సవం అయ్యాక బడి తెరిచిన రోజు ఒక అబ్బాయి పేపర్లో చుట్టి కొబ్బరి ముక్కలు తెచ్చాడు, పైడితల్లి అమ్మవారి ప్రసాదం. బెంచీ బెంచీకీ పంచుకుంటూ వస్తుంటే మూడో బెంచీలో పాప చేతులు వెనక్కి పెట్టేసుకుంది, మేం తినం అంది. అంతే, "అమ్మోరి పెసాదం వద్దంటే కళ్ళు పోతాయి" అని వెనకనుంచి ఒకడు, "ఆళ్ళు చర్చికెళ్తారు టీచర్" అని ఇంకొకడు. నేను గొడవ సద్దుమణిగితే చాలనుకుని "అందరి దేవుడూ ఒక్కడేనమ్మా, తిను, ఏం కాదు" అనేశాను. తీసుకుంది. పీరియడ్ అంతా ఆ ముక్కని గుప్పిట్లోనే పట్టుకుని కూర్చుంది, నోట్సు కూడా రాయలేదు. బెల్లు కొట్టాక గోడ పక్కకెళ్ళి గుప్పిట విప్పి, కాకులు తినేలా గట్టు మీద పెట్టి, పావడాకి చెయ్యి తుడుచుకుంది. అది చూశాక మధ్యాహ్నం నాకు అన్నం సహించలేదు. మంచి మాటే చెప్పాననుకున్నాను, కానీ ఆ పిల్లకి దారి లేకుండా చేశాను. మతాల గురించి ఈ వయసు పిల్లలకి ఎలా చెప్తే ఒకరినొకరు అర్థం చేసుకుంటారు? అసలు క్లాసులో చెప్పొచ్చా?

బొబ్బిలి అమ్మ:
మేడమ్, ముందు ఆ పాపతో విడిగా మాట్లాడండి, క్లాసు ముందు మాత్రం వద్దు. మాదీ చర్చికెళ్ళే ఇల్లే. నేను నాలుగో తరగతిలో ఉండగా ఒక టీచర్ ఎంతో ప్రేమగా "క్రిస్మస్ అంటే ఏమిటో నువ్వు చెప్పమ్మా" అని నన్ను బల్ల ఎక్కించారు. నాకు తెలిసిందల్లా స్టార్ కట్టడం, అమ్మ అరిసెలు వండడం. నోరు పెగల్లేదు. ఆ తర్వాత ఏడాదంతా నేను "క్రిస్మస్ పిల్ల"నే. ఏ పిల్లనీ వాళ్ళ మతం తరఫున నిలబెట్టి మాట్లాడించకండి. ఇంకో మాట, ఆ అబ్బాయి కూడా ఇష్టంగానే తెచ్చాడు కదా, వాడిని తిట్టొద్దు. ఎదుటివాళ్ళు వద్దంటే నన్ను కాదన్నట్టు కాదు అని వాడికి తెలియాలి, నొప్పించకుండా వద్దని చెప్పడం ఈ పాపకి రావాలి. మా అబ్బాయికి "థాంక్స్ రా, మేం తినం, నువ్వు తిను" అని చెప్పడం నేర్పాను, ఇప్పటివరకు గొడవ రాలేదు.

బాబామెట్ట నాన్న:
పై మాట అక్షరాలా నిజం. ఆగస్టు 15 వస్తే చాలు మావాడికి టోపీ పెట్టి, ఇంకో పిల్లాడి మెడలో శిలువ, మరొకడికి బొట్టు, ముగ్గురి చేతులూ కలిపి స్టేజి మీద నిలబెడతారు. మూడేళ్ళు వరసగా వాడే. చప్పట్లు కొట్టాక మర్నాడు రోజా అంటే ఏమిటి, నీళ్ళు కూడా ఎందుకు తాగరు అని అడిగిన టీచర్ ఒక్కరూ లేరు. మా దర్గాకి ఊళ్ళో హిందువులు కూడా వస్తారు, ఆ మొక్కులు పిల్లలు ఇళ్ళల్లో చూస్తూనే ఉంటారు. తేడా ఉందని వాళ్ళకి తెలుసు. లేదని మనం చెప్తే మన మాట నమ్మడం మానేస్తారు, అంతే.

శ్రీకాకుళం మాస్టారు (రిటైర్డ్):
అమ్మా, నేను ముప్పై ఏళ్ళు లెక్కలు, సైన్సు చెప్పాను. నాకు పనికొచ్చింది క్యాలెండరు. రంజాన్ ఏటా ముందుకి ఎందుకు జరుగుతుంది అని అడగండి. చంద్రుడి లెక్కన ఏడాదికి 354 రోజులు, సూర్యుడి లెక్కన 365, కాబట్టి ఏటా సుమారు 11 రోజులు ముందుకొస్తుంది. మరి మన ఉగాది కూడా చాంద్రమానమే కదా, అది ఎందుకు మార్చి ఏప్రిల్ దాటదు? మనం అధికమాసం కలుపుతాం, వాళ్ళు కలపరు. ఈస్టర్‌కీ పున్నమి లెక్క ఉంది. ఈ మూడూ పిల్లల చేతే చార్టు వేయించండి. 2030లో రంజాన్ రెండుసార్లు వస్తుందని లెక్క కట్టి తేల్చుకున్నప్పుడు వాళ్ళ మొహాలు చూడాలి. అక్కడ ఎవరి దేవుడు గొప్ప అన్న మాటే రాదు, అందరూ ఒకే చంద్రుణ్ణి చూసి లెక్క ఎలా కట్టారన్నదే వస్తుంది.

రెండోది, బస్సెక్కించండి. నేను శాలిహుండం తీసుకెళ్ళేవాణ్ణి. వంశధార ఒడ్డున కొండమీద బౌద్ధ స్తూపాలు, గిడుగు రామమూర్తి పంతులుగారు 1919లో వెలుగులోకి తెచ్చిన చోటు. "ఇక్కడ ఇంతమంది బౌద్ధులుంటే ఇప్పుడు ఊళ్ళో ఒక్కరూ లేరేం మాస్టారూ" అని ఒక పిల్ల అడిగింది, దానికి జవాబు చెప్పడానికి నాకు రెండు క్లాసులు పట్టింది. మీకైతే రామతీర్థం పక్కనే ఉంది. రాముడి గుడి, గురుభక్తుల కొండ మీద బౌద్ధుల శిథిలాలు, బోధికొండ మీద జైన విగ్రహాలు, అన్నీ నడిచి చూసేంత దూరంలోనే. అన్నట్టు సవర, జాతాపు గిరిజన పిల్లలుంటే వాళ్ళని మరిచిపోకండి. కొత్త పంటకి పండగ చేసేదాకా ఆ గింజ ముట్టని ఇళ్ళున్నాయి, మనం చెప్పే మూడు మతాల లెక్కలో వాళ్ళు కనిపించరు.

పార్వతీపురం లాయర్:
చెప్పొచ్చా అన్నారు కాబట్టి. రాజ్యాంగం 28వ అధికరణం ప్రకారం పూర్తిగా ప్రభుత్వ సొమ్ముతో నడిచే బడిలో మతబోధ ఉండకూడదు. ప్రభుత్వ గుర్తింపో ఎయిడో ఉన్న బడిలో కూడా పెద్దల అనుమతి లేకుండా పిల్లల్ని మతబోధకి గానీ ప్రార్థనకి గానీ రమ్మని బలవంతం చేయకూడదు. కానీ మతాల గురించి తెలియజెప్పడం వేరు, దానికి అడ్డు లేదని అరుణా రాయ్ కేసులో 2002లో సుప్రీంకోర్టు చెప్పింది. 1986 నాటి బిజో ఇమాన్యుయేల్ కేసు కూడా చదవండి. జనగణమన వచ్చినప్పుడు లేచి మర్యాదగా నిలబడి, తమ విశ్వాసం వల్ల పాడకుండా ఉన్న ముగ్గురు కేరళ పిల్లల్ని బడి నుంచి పంపేస్తే, తిరిగి చేర్చుకోమంది కోర్టు. మీ క్లాసులో పాపదీ దాదాపు అదే పరిస్థితి.

నెల్లిమర్ల టీచర్:
అందరికీ థాంక్సండీ. నిన్న ఇంటర్వెల్లో పాపని వేపచెట్టు కిందకి పిలిచి "ఆ రోజు తినమని నేను అనకూడదమ్మా, తప్పు నాదే" అన్నాను. తలొంచుకుని కాసేపు నిలబడి "మా నాన్నకి చెప్పరు కదా టీచర్, నేను తీసుకున్నానని" అంది. ఇన్నాళ్ళూ దానికి ఉన్న భయం అదన్నమాట, నాకు తట్టనే లేదు. చెప్పనని మాటిచ్చాను. క్యాలెండర్ చార్టు సోమవారం మొదలుపెడుతున్నాం, గ్రూపుల్లో చంద్రుణ్ణి చూసి రాయడం ఆ కొబ్బరి తెచ్చిన అబ్బాయి తీసుకున్నాడు. మాస్టారూ, రామతీర్థానికి పర్మిషన్ కాగితంలో గుడి అని రాస్తే కొందరు పంపరేమో, కొండలు మాత్రమే అని రాస్తే అబద్ధం అవుతుంది. మీరు శాలిహుండం వెళ్ళినప్పుడు ఏమని రాసేవారు?

శ్రీకాకుళం మాస్టారు (రిటైర్డ్):
మొత్తం రాసేయమ్మా. ఏమేం చూస్తామో, గుడి లోపలికి వెళ్ళడం ఎవరిష్టం వాళ్ళదని, వెళ్ళని పిల్లలతో బయట ఏ టీచర్ ఉంటారో కూడా. అలా రాసిన ఏడాదే నాకు ఎక్కువ సంతకాలు వచ్చాయి.